ఎత్తించే మనిషి

స్టేషన్ రైటర్‌గా చేసి రిటైరయ్యాను.
కవిత్వం నాకు రాదు, పంచనామా వస్తుంది.
కాబట్టి ముందు జాబితా:

కర్రలు ఏడు, నెత్తురంటినవి మూడు.
గునపాలు రెండు. పారలు రెండు.
బల్లెం ఒకటి, మొన వంగింది.
ఇంకొకటి కొడవలి.
పద్నాలుగో నంబరు కత్తి.
సాక్షులందరూ చూశారు, ఎవరింట్లోనూ లేదు.
దానికెదురుగా 'దొరకలేదు' అని రాసింది
ఈ చేతే.

వంశధార ఎడమ కాలువ, బాగా శివారు.
గొట్టిపేటకీ తుమ్మికవలసకీ కలిపి
ఒక్కటే మదుం.
ఆకుమళ్ళు నెర్రెలిచ్చిన ఆషాఢంలో
తలుపు ఎవరెత్తాలన్న దగ్గర మొదలైంది.
తెల్లారేసరికి
చల్లా గడ్డెయ్య నీళ్ళు లేని కాలువలో
బోర్లా పడి ఉన్నాడు.

నీళ్ళు మర్నాడొచ్చాయి.
ఎవరూ అడక్కుండానే,
గట్లు తెగేంత.

తొమ్మిదేళ్ళు వాయిదాలు.
సాక్షులు మాట మార్చారు, కొందరు లోకమే మార్చారు.
కేసు కొట్టేశారు.
సొత్తు పారేయమని కాగితం వచ్చిన రోజున
బుడితి నుంచి కంచరి నీలాచలం దిగాడు,
పంచె ఎగ్గట్టి, గోనెసంచి పట్టుకుని.
"ఆ ఇనుము నాకిచ్చీండి బాబూ.
బొమ్మకి ఎముకలు కావాల."

చర్మం మటుకు రెండూళ్ళూ ఇచ్చాయి.
సొట్ట బిందెలు, మరచెంబులు,
నాలుక ఊడిన గంట,
పెళ్ళినాటి కాళ్ళచెంబు ఒకటి, కొంగులో చుట్టి.

ఆర్డీవో గారు పావురం చెయ్యమన్నారు.
సర్పంచులిద్దరూ ఎవరి తాతని వాళ్ళు చెయ్యమన్నారు.
నీలాచలం అందరికీ బుర్రూపి
పుట్టమన్నులో, మైనంలో
ఒక ఆడమనిషిని పోశాడు.

నెత్తిన చుట్టకుదురు.
ఎత్తిపట్టిన మోకాలి మీద నిండు బిందె.
కళ్ళు దారి వైపు.
అంతే.
రెండో మనిషి లేదు.

విప్పి చూపించిన రోజు అందరూ గొణిగారు,
సగం బొమ్మకి పూర్తి డబ్బులా అని.
నాకు మాత్రం మా అమ్మ గుర్తొచ్చింది.
నిండు బిందె నెత్తికెక్కాలంటే
ఒక్కర్తి వల్ల కాదు.
నూతికాడ నిలబడి చూసేది, ఎవరొస్తారా అని.
మాటల్లేని తోడికోడలే వచ్చినా సరే
"ఓ సెయ్యేయే" అనేది.
ఆవిడ వేసేది.
మాటలు మాత్రం
ఆ తర్వాత కూడా లేవు.

ఇప్పుడు మదుం గట్టున
బిందె అంచు ఒకపక్కే మెరుస్తుంది.
బడికెళ్ళే పిల్లలు, మేకల కాపర్లు,
పాతపట్నం బస్సు కోసం నిలబడ్డ వాళ్ళు
ఊరికే ఓ చెయ్యి వేసి పోతారు.
ఏ ఊరి చెయ్యో అంచు చెప్పదు.

గడ్డెయ్య పెళ్ళాం పారమ్మ
చాన్నాళ్ళు ఆ దారిన రాలేదు.
వచ్చిన రోజు చుట్టూ తిరిగి, ఒంగి, వెతికి
నీలాచలాన్ని నిలదీసింది:
"ఏదీ, మాయన కాళ్ళచెంబు?"
"ఎక్కడని సెప్పనమ్మా,
అందరివీ కలిసిపోనాయి."

ఆవిడ అంచు పట్టుకోలేదు.
బిందె అడుగున అరచెయ్యి ఆనించింది,
ఎసరు కాగిందో లేదో చూసినట్టు.
అలాగే ఉంచింది, బస్సు వచ్చి పోయేదాకా.

పద్నాలుగో నంబరు ఇంకా దొరకలేదు.
ఏ చూరులో తుప్పు పడుతోందో
ఏ రాతి మీద పదును పెడుతోందో
నాకు తెలీదు.
బొమ్మ కుడి మోచేతి దగ్గర
జానెడు సందు వదిలేశాడు నీలాచలం.
"అదొచ్చీసినపుడు ఎడతాను బాబూ" అన్నాడు.
వాన పడితే అందులోంచి నీళ్ళు కారతాయి.
మొన్న గొట్టిపేట పిల్లొకత్తి
దోసిలి పట్టి తాగుతుంటే చూశాను.

ఎప్పుడెళ్ళినా నేను
బిందె మీద చెయ్యి వేయడం కంటే ముందు
ఆ సందులోకి తొంగి చూస్తాను.
పాత అలవాటు.